తెల్ల పూత కింద మొహం

“ఆ బొమ్మ ఊరు దాటదు.”

టీ కప్పు చిత్రకారుల సంఘం సెక్రటరీ చేతికి అందిస్తూ ఆమె ఈ మాట అనేసింది. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది. సెక్రటరీ కప్పు అందుకుని, ఊదుకుని, ఒక గుటక మింగాక గానీ ఆ మాట ఆయన బుర్రకెక్కలేదు.

“ఏంటి వదినా?”

“విన్నారుగా. సాయంత్రం మీ వ్యాన్‌లో మిగతావాళ్ళవి పంపుకోండి. ఈయనది పంపడానికి వీల్లేదు.”

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో కుక్కిన పేనులా కూర్చున్నాడు. బడిలో పిల్లలకి డ్రాయింగు చెబుతూ, సెలవు రోజుల్లో బొమ్మలేసుకుంటూ జుట్టు నెరిసిపోయిన మనిషి. ఊరి చిత్రకారుల సంఘం ప్రదర్శనలో నిన్న ఆయన బొమ్మకి మొదటి స్థానం వచ్చింది. ఇవాళ అది పెద్ద నగరంలో జరిగే ప్రదర్శనకి బయల్దేరాలి. ఆయన జీవితంలో ఇలాంటిది ఇదే మొదలు, బహుశా ఇదే ఆఖరు. అలాంటి ఇంట్లో నిన్నటి నుంచి గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

“ఎందుకు వీల్లేదు?” అన్నాడు సెక్రటరీ.

“ఆ కాన్వాసు నాది.”

సెక్రటరీ పకపకా నవ్వాడు. “ఆలుమగల మధ్య నీది నాది ఏముంది వదినా! మాస్టారే మీవారు, ఇంక కాన్వాసు ఎంత?”

“ఆయన వేసిన బస్సు షెల్టరు కింద నా బొమ్మ ఉంది. నేను వేసుకున్న నా మొహం. దాని మీద తెల్లరంగు పూసి ఈయన వానా, షెల్టరూ వేసుకున్నారు.”

నవ్వు సగంలో ఆగింది. సెక్రటరీ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నీళ్ళు నమిలాడు.

“అటక మీద పాత కాన్వాసు ఉంటే... నా పాతదే అనుకుని... పొరపాటు.”

“ఓస్, అంతేనా!” సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది. “పాతదాని మీద పూత పూసి కొత్తది వేసుకోవడం మనలో ఎవరు చెయ్యరు చెప్పండి? నేనైతే మా అత్తగారి తల చేసి, నచ్చక, ఆ మట్టి మళ్ళీ పిసికి గుర్రాన్ని చేశాను. బహుమతి కూడా వచ్చింది. మా అత్తగారు దాన్ని చూసి ఎంత మురిసిపోయిందో!”

ఎవరూ నవ్వలేదు. ఆయన శిల్పి, మంచివాడు, నోరు మాత్రం ఎక్కడ మూయాలో తెలియదు. అందుకే ఇంకో మాట కూడా అన్నాడు.

“అవును గానీ వదినా, మీరు బొమ్మలెప్పుడేశారు?”

ఎగతాళికి అడగలేదు పాపం. నిజంగానే తెలియక అడిగాడు. పాపం అని మనం అనుకోవచ్చు గానీ, ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళుగా ఈ సంఘంలో చిన్నవాళ్ళకీ పెద్దవాళ్ళకీ ఆమె వదినే. ప్రదర్శన ఎప్పుడు జరిగినా తలుపు పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడే వదిన. ఎవరి బొమ్మ ఏ గోడకి బాగుంటుందో ఆమెని అడిగినవాడు లేడు. టీ ఇంకా ఉందా అని అడగనివాడూ లేడు.

“మీరు పుట్టకముందు,” అంది ఆమె. సెక్రటరీ ఆమెకంటే పెద్దవాడు. అయినా గొంతు చూసి, మారు మాట్లాడకుండా చెప్పులేసుకున్నాడు.

“సాయంత్రం వ్యాను వచ్చేలోగా మీరూ మీరూ ఒక మాటనుకోండి మాస్టారూ. అది వెళ్ళకపోతే మన ఊరి పేరు పోతుంది.”

టీ సగం అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే మాస్టారికి గొంతు వచ్చింది.

“బయటివాడి ముందు నా పరువు తీశావు.”

“మీది పరువే. నాది మొహం.”

“పొరపాటైందని చెప్పానా లేదా? నిన్నటి నుంచి ఎన్నిసార్లు చెప్పను?”

“చెప్పింది చాలు. అడిగినదానికి జవాబు చెప్పండి. చూశారా?”

“ఏంటి చూసేది?”

“పూసేముందు ఆ బొమ్మ చూశారా, లేదా?”

“అటక మీద వెలుగెక్కడుంది? గోడకి తిప్పి పెట్టి ఉంది. చేతికందింది, దించాను, పూశాను. చూడలేదు.”

“ఒక్కసారి కూడా?”

“చూడలేదన్నానుగా!”

ఆమె కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. ఆయన వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పోట్లాడినా సరే, మాట్లాడే మనిషి కావాలి ఆయనకి. ఒంటరిగా కూర్చుంటే తేలు కుట్టిన దొంగలా ఉంటుంది.

“చిత్రకారుడికి ఒక సంగతి తెలియాలి కదండీ,” అంది ఆమె, కుళాయి కింద కప్పు తిప్పుతూ. “అది నూనె రంగు. మీరు నూనె రంగు ముట్టి ఎన్నాళ్ళయింది? ఆ వాసనకి మీకు దగ్గు. ముక్కుకి తెలియలేదా, వేలికి తెలియలేదా, అది మీది కాదని?”

ఆ దగ్గు సంగతి ఇద్దరికీ తెలుసు. పెళ్ళైన కొత్తలో ఉన్నది ఒకటే గది. ఆమె రంగుల పెట్టె తెరిచి టర్పెంటైన్ సీసా మూత తీస్తే, ఆయన రాత్రంతా దగ్గేవాడు. ‘కొన్నాళ్ళు ఆగుదాం, రెండు గదుల ఇల్లు తీసుకున్నాక వేసుకుంటాలే’ అని ఆమే అంది. రెండు గదుల ఇల్లు వచ్చింది. అందులో ఒకటి ఆయన బొమ్మల గది అయింది. ఆమె బొమ్మలు ఒక్కో ఇల్లు మారినప్పుడు ఒక్కటి చొప్పున పోయాయి. ఒకటి చెదలు తిన్నది, ఒకటి వాన నీళ్ళకి చిల్లుపడి పాత సామాన్లవాడి బండెక్కింది. ఆఖరికి మిగిలింది ఇదొక్కటే. అద్దం ముందు కూర్చుని తనని తాను చూసుకుంటూ వేసుకున్నది. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు.

“నీకు కొత్త కాన్వాసు తెస్తాను,” అన్నాడు ఆయన మెల్లిగా. “పెద్దది. మంచిది. కావాలంటే అదే బొమ్మ మళ్ళీ వేసుకో.”

“తెండి. దాంతోపాటు ఇరవై రెండేళ్ళ మొహం కూడా తెండి.”

“నువ్వు మరీ గోరంతని కొండంత చేస్తున్నావు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా దాన్ని అటక దించావా? ఒక్కసారైనా గోడకి తగిలిద్దామన్నావా?”

ఇది మాత్రం తగిలింది. నిజం కాబట్టి తగిలింది. ఆమె దించలేదు. పండగకి ఇల్లు దులిపినప్పుడు కూడా దాని మీద దుప్పటి సర్ది మళ్ళీ గోడకి తిప్పేది. అది అక్కడ ఉంది, అంతే చాలు. ఎవరూ లేని ఊళ్ళో చుట్టం ఒకరున్నట్టు ఉండేది. వెళ్ళి పలకరించకపోయినా, ఉన్నారనే ధైర్యం ఉంటుంది కదా.

కప్పు బోర్లించి, చేతులు తుడుచుకుంది.

భోజనం వేళకి కూతురు వచ్చింది. బస్టాండు వీధిలో ఫ్లెక్సీ బ్యానర్లు అచ్చువేసే షాపులో డిజైనర్ ఆ పిల్ల. ఒకప్పుడు ఆ వీధి నిండా సైన్‌బోర్డులు రాసే పెయింటర్లే ఉండేవారు. ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు అదే షాపులో బ్యానర్లకి కన్నాలు పొడిచి తాళ్ళు కడుతున్నారు. కూతురికి సంగతి అప్పటికే తెలిసిపోయింది. ఈ ఊళ్ళో కళాకారుల మధ్య కబురు ఆగదు. ఒకడి బొమ్మ మీద దోమ వాలితే ఇంకొకడు తుమ్ముతాడు.

“అమ్మా, నాన్న బొమ్మ పంపొద్దన్నావట?”

“అన్నాను.”

“ఆయన మొహం చూశావా? నిన్నటి నుంచి ఏమీ తినలేదు. జీవితంలో ఒక్కసారి వచ్చింది కదమ్మా.”

“నాకూ అది ఒక్కటే మిగిలింది.”

కూతురు బల్ల ముందు కూర్చుంది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, తల్లి వైపు కొత్తగా చూసింది.

“నిజంగా నువ్వు వేసేదానివా?”

“నాలుగేళ్ళు నేర్చుకున్నాను.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వు చిన్నప్పుడు సైన్సు బొమ్మలన్నీ ఎవరు వేసిపెట్టేవారు?”

“నువ్వే. కానీ... అది వేరు కదా.”

“అవును. వేరే,” అంది తల్లి.

పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. మంచిదే ఆ పిల్ల. తండ్రి గదిలో రంగుల వాసన మధ్య పెరిగింది, తండ్రిని చూసి గీత నేర్చుకుంది. ‘మా నాన్న ఆర్టిస్టు’ అని స్నేహితులకి చెప్పుకుంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఈ ఇంట్లో పెరట్లో చెట్టుందన్న సంగతే ఎవరికీ తెలియదు.

“ఫోటో ఏమన్నా ఉందా అమ్మా? ఎంత పాతదైనా ఫరవాలేదు. స్కాన్ చేసి, బాగుచేసి, పెద్దగా ప్రింటు తీస్తాను. అచ్చం అలాగే ఉంటుంది.”

“ఫోటో లేదు.”

“పోనీ ఎలా ఉండేదో చెప్పు.”

తల్లి చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా. ఎడమ చెంప మీద ఆకుపచ్చ నీడ, నుదుటి మీద కాషాయం, రంగు కత్తితో మందంగా తీసిన ముక్కు. ఆ కళ్ళు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేనట్టు సూటిగా చూసేవి. అంతవరకూ గుర్తుంది. పెదాలు ఎలా వేసిందో గుర్తుకు రాలేదు. మూసి ఉన్నాయా, నవ్వుతున్నాయా? ఎంత తడుముకున్నా రాలేదు. ఉంటుందిలే అనుకున్న చుట్టం మొహం తనకే చెదిరిపోయింది. అప్పుడు భయమేసింది ఆమెకి, నిన్నటి నుంచి మొదటిసారిగా.

“నువ్వు తిను,” అని లేచింది. “నేను హాలుకి వెళ్ళొస్తాను.”

సంఘం హాలు మార్కెట్టు వెనక వీధిలో, సైకిల్ షాపు మేడ మీద. దారిలో ఇంకో మేడ మెట్ల కింద గిటారు నేర్పే ఆయన పలకరించాడు. “వదినా, మాస్టారికి నా అభినందనలు చెప్పండి!” వీధి చివర నాటకాల ఆయన, అద్దె దుస్తులు ఎండలో ఆరేస్తూ, “వదినా, పార్టీ ఎప్పుడు?” అన్నాడు. ఆమె ఇద్దరికీ తల ఊపింది. ఈ వీధిలో ఆమెని ఎరగనివారు లేరు. ఆమె గురించి ఒక్క ముక్క తెలిసినవారూ లేరు. ఇంత మంది మధ్య ఇంత ఒంటరితనం ఎలా పట్టిందో ఆమెకే అర్థం కాలేదు.

హాల్లో ఫ్రేములాయన ఒక్కడే ఉన్నాడు. ఊళ్ళో చిత్రకారులందరికీ చట్రాలు బిగించేది ఆయనే. బల్ల మీద బబుల్ షీటు పరిచి బొమ్మలు ఒక్కొక్కటీ చుడుతున్నాడు. మాస్టారి బొమ్మ ఇంకా గోడ మీదే ఉంది.

వాన పడుతున్న వీధి, ఖాళీ బస్సు షెల్టరు, దాని వెనక తడిసిన గోడ. నిన్న అందరూ ఆ గోడ గురించే మాట్లాడారు. ‘గోడలో ఎవరో ఉన్నట్టుంది మాస్టారూ, చూస్తే ఎవరూ లేరు, ఎలా తెచ్చారండీ ఆ ఎఫెక్టు!’ అన్నారు. ఫ్లాస్కు పట్టుకుని పక్క నుంచి చూసిన ఆమెకి, కిటికీ వెలుగులో ఆ గోడ మీద ఎత్తుగా లేచిన గీత ఒకటి కనిపించింది. అది తన ముక్కు. తనే కత్తితో తీసిన ముక్కు.

“రండి వదినా. మాస్టారిది ఆఖర్న కడదామని ఉంచాను,” అన్నాడు ఫ్రేములాయన. “అదృష్టం అంటే ఆ కాన్వాసుది. పూసేస్తానంటే నేను వద్దన్నాను కూడా.”

ఆమె వెనక్కి తిరిగింది. “మీరు చూశారా?”

“వదులైపోయింది, బిగించమని మాస్టారే నా షాపుకి తెచ్చారుగా. ఎండలో బల్ల మీద పెట్టుకుని బిగించాం. ఎవరో పిల్ల మొహం. బలే మొండిగా చూస్తోంది మన వైపు. ‘ఎవరండీ ఈ పిల్ల, బాగుంది, ఎందుకు చెరుపుతారు?’ అన్నాను.”

“ఆయనేమన్నారు?”

“చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ‘ఎవరో, ఏమో, పాతది’ అన్నారు.” ఫ్రేములాయన టేపు చుట్ట తిప్పుతూ ఆమె మొహంలోకి చూశాడు. “ఏం వదినా, మీకు తెలిసినవాళ్ళా?”

“తెలుసు,” అంది. “ఇప్పుడు అంత కనిపించడం లేదు.”

ఆయనకి అర్థం కాలేదు. ఎన్నేళ్ళుగానో వదినా వదినా అని పిలిచే మనిషి. అదే మొహం ఎదురుగా నిలబడి ఉంటే గుర్తుపట్టలేకపోయాడు. ఆయన్ని అని ఏం లాభం? పక్కన పడుకున్నవాడే గుర్తుపట్టలేదు.

చూడలేదన్నాడు. చూశాడు. ఎండలో, చాలాసేపు చూశాడు.

బొమ్మకి దగ్గరగా వెళ్ళింది. కింద ఎడమ మూల, కాలువ నీళ్ళు వేసిన చోట, రంగు పప్పుబద్దంత బుడగలా లేచింది. నూనె రంగు మీద నీళ్ళ పూత నిలవదు, మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం అది. ఆమె బొటనవేలి గోరు బుడగ కింద పెట్టి కాస్త ఎత్తింది. పూత పాలమీగడలా లేచింది. కింద ఆకుపచ్చ. తన ఆకుపచ్చే.

ఇలాగే లాగితే మొత్తం వస్తుంది. ఓపిగ్గా లాగితే వాన పోతుంది, షెల్టరు పోతుంది, పెదాలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఆయన బొమ్మ చెత్తబుట్టలోకి పోతుంది. కొన్నాళ్ళాగితే పై పూత గట్టిపడి కింది రంగుని పట్టేస్తుంది, ఒకదాన్ని తీస్తే రెండోదీ వచ్చేస్తుంది.

ఎవరి కోసం తియ్యాలి? చూసినవాళ్ళు ఎవరో అనుకున్నారు. కట్టుకున్నవాడు కూడా ఎవరో అనుకున్నాడు. తనకే సగం గుర్తులేదు. ఆ బొమ్మలో పిల్ల బయటికొచ్చి ఎవరితో మాట్లాడుతుంది?

గోటితో ఎత్తిన పూతని వేలితో నొక్కి అతికించింది.

“కట్టెయ్యండి,” అంది.

ఫ్రేములాయన బొమ్మ దించి, మీద పల్చని కాగితం పరిచి, బబుల్ షీటు చుట్టి టేపు వేశాడు. ఆమె కిటికీ గట్టు మీద కూర్చుని చూసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. మాస్టారు ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. కూతురు చెప్పినట్టుంది. ముందు ఖాళీ గోడ చూశాడు, తర్వాత బల్ల మీద కట్ట చూశాడు, ఆ తర్వాత ఆమెని చూశాడు.

“ఏం చెయ్యలేదు లెండి,” అంది ఆమె. “పంపుకోండి.”

ఆయన మొహంలో సంతోషం కనిపించలేదు. వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“చూడలేదన్నారు,” అంది.

“చూశాను.”

“ఎవరో అన్నారట.”

“మొహం ఎవరిదని ఆలోచించలేదు. ఒట్టు. అలా నువ్వెప్పుడూ నా వైపు చూడలేదు కూడా.” “నేనే వేశాననుకున్నాను. కాలేజీ రోజుల్లో, దగ్గు మొదలవకముందు వేసిందేమో అనుకున్నాను.”

“అనుకుని?”

“ఇంత బాగా ఎప్పుడు వేశానా అనుకున్నాను.”

ఫ్రేములాయన టేపు చుట్ట పక్కన పెట్టాడు.

“ఆ చెయ్యి ఇప్పుడు నాకు లేదు,” అన్నాడు మాస్టారు. ఆమె వైపు చూడకుండా, కట్ట వైపే చూస్తూ చెప్పాడు. “ఎప్పుడో ఉండేదని తెలిసి ఒళ్ళు మండింది. అది ఇంట్లో ఉంటే రోజూ నన్ను వెక్కిరిస్తుంది. అందుకే పూసేశాను. నూనె రంగో నీళ్ళ రంగో కూడా ఆలోచించలేదు. కంటికి కనబడకుండా పోతే చాలనిపించింది. నిన్న నువ్వు నీదన్నాక... నిజం చెప్పడానికి నోరు రాలేదు.”

ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపం వెనకే ఇంకొకటి వచ్చింది, దాన్ని ఆపడం ఆమె వల్ల కాలేదు. సంతోషం అది. ఒక చిత్రకారుడు తన బొమ్మ చూసి అసూయతో కుళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో ఆమెకి దొరికిన మెప్పు అదొక్కటే, అదీ వేరే మనిషి పేరు మీద.

“అంత బాగుందా?” అంది.

“బాగుంది.”

“మీ బస్సు షెల్టరు కంటేనా?”

ఆయన కట్ట మీది టేపు అంచుని వేలితో నొక్కాడు. జవాబు చెబితే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

“దానికంటే,” అన్నాడు.

కింద వీధిలో వ్యాను వచ్చి ఆగింది. హారను కొట్టింది. ఎవరో తలుపు దబ్బున తెరిచారు. మెట్ల కింద నుంచి సెక్రటరీ గొంతు వినిపించింది. “అన్నీ కట్టేశారా? ముందు మాస్టారిది దించండి!”

ఫ్రేములాయన కట్ట రెండు చేతులతో పట్టుకుని ఇద్దరి మొహాలూ చూశాడు.

“ఏం చెయ్యమంటారు?”

ఆమె కిటికీ గట్టు దిగి బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పెదాలు ఎలా ఉన్నాయో ఇప్పుడు చూడాలనిపించింది. టేపు కోసే కత్తి ఫ్రేములాయన చొక్కా జేబులో ఉంది.

“ఆ కత్తి ఇలా ఇవ్వండి.”

ఆయన మాస్టారి వైపు చూశాడు.

“ఆయన్ని చూడకండి,” అంది ఆమె. “అడిగింది నేను.”

మెట్ల మీద సెక్రటరీ అడుగులు పైకి వస్తున్నాయి. ఫ్రేములాయన కట్టని బల్ల మీద పెట్టి, జేబులో చెయ్యి పెట్టాడు.